బొబ్బిలి కథ ఎవరిది?

ఉత్తరాంధ్రలో చరిత్ర పుస్తకం ఎన్నడూ తెరవని వారికి కూడా తెలిసిన చరిత్ర ఒకటుంది. అది బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న తెల్లవారి మొదలై ఆ రోజే ముగిసిపోయిన పోరాటం అది. అదే ఏడాది జూన్‌లో ప్లాసీ దగ్గర ఈ దేశం మెడకు ఉచ్చు పడింది. ప్లాసీ మీద మన పల్లెల్లో ఎవరూ పాట కట్టలేదు. బొబ్బిలి మీద కట్టారు. జంగాలు పాడారు, బుర్రకథలవాళ్లు చెప్పారు, పండితులు నాటకాలు రాశారు, సినిమావాళ్లు రెండుసార్లు తెరకెక్కించారు. రెండున్నర శతాబ్దాలుగా ఒక కథ ఇంత బలంగా నిలబడిందంటే, దాన్ని కాలక్షేపం కింద కొట్టిపారేయడం విమర్శకుడికి తగదు. అట్లాగని అది చెప్పిందంతా చరిత్రేనని తల ఊపడం కూడా తగదు.

బొబ్బిలి గురించి మన జనంలో స్థిరపడిపోయిన నమ్మకాలు ప్రధానంగా మూడు. ఒకటి: అది పరదేశీయుల మీద తెలుగువాడు చేసిన దేశభక్తి యుద్ధం, బొబ్బిలివారు వీరులు, విజయనగరంవారు ద్రోహులు. రెండు: ప్రతీకారమంతా తాండ్ర పాపారాయుడనే ఒక్క పులి చేసిన పని. మూడు: కోటలోని ఆడవాళ్లు మానం కాపాడుకోవడానికి తమంతట తాము అగ్నికి ఆహుతైపోయారు. ఈ మూడు నమ్మకాలనూ ఒక్కొక్కటిగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వీటి నిజానిజాలు తేల్చడం కంటే, ఇవి ఎవరికి పనికొచ్చాయి అన్న ప్రశ్న నాకు ముఖ్యం.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. ఐతిహ్యాలన్నీ ఒక్క దారిన పుట్టవు. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. అది బౌద్ధ క్షేత్రం. గత శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపి స్తూపాలను, విహారాన్ని వెలికితీశాడు. ఆ కొండ దగ్గర రాక్షసి పొట్ట ఉందని నమ్మి, కనుమ పండుగనాడు జనం రాళ్లు రువ్వే ఆచారం ఉండేది. ఇందులో ఏ దొర ప్రయోజనమూ కనిపించదు. బౌద్ధం పోయింది, జ్ఞాపకం పోయింది, కొండ మిగిలింది. మిగిలిన కొండకు జనం తమకు తోచిన కథ చెప్పుకున్నారు. ఇది మరపులోంచి పుట్టిన ఐతిహ్యం. బొబ్బిలి కథ అట్లాంటిది కాదు. అది పోషణలో పెరిగిన ఐతిహ్యం. దానికి వంశం ఉంది, సంస్థానం ఉంది, కోట ఉన్నచోట పూర్వికుల వీరత్వానికి జమీందారులు నిలబెట్టిన స్మారక స్తంభం ఉంది. మొదటి రకం అపోహను పురావస్తుశాఖవారి బోర్డు ఒకటి తీర్చవచ్చు. రెండో రకానికి విమర్శ కావాలి.

ఆధారాల మాటకు వద్దాం. ఇంగ్లీషు కంపెనీ కొలువులో మద్రాసులో పనిచేసిన రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర రెండో సంపుటం 1778లో అచ్చయింది. బొబ్బిలి సంగతి అందులో ఉంది. తెలుగులో పెద్దాడ మల్లేశం పేరిట నిలిచిన బొబ్బిలి యుద్ధ కథ ఉంది. దాన్ని మల్లంపల్లి సోమశేఖర శర్మ పరిష్కరించారు. పద్దెనిమిదో శతాబ్ది చివర దిట్టకవి నారాయణకవి రాసిన రంగరాయ చరిత్రము ఉంది. తరువాత వేదం వేంకటరాయశాస్త్రి, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి నాటకాలు వచ్చాయి. మన కాలంలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో ప్రకటించిన గ్రంథంలో ఈ కథనాలను పక్కపక్కన పెట్టి చదివారు. దక్షిణాదివారికి చరిత్ర రాయడం తెలియదన్న పాత మాటను వారు కాదన్నారు. కథ రూపంలోనే చరిత్ర చెప్పే పద్ధతి ఇక్కడ ఉందన్నారు. వారి వాదంతో నాకు చాలావరకు ఏకీభావమే. అయితే కథలో చరిత్ర ఉందని తేల్చిన తరువాత, ఆ చరిత్ర ఎవరి వైపు నిలబడి చెప్పిందో కూడా తేల్చాలి గదా!

మొదటి నమ్మకం సంగతి చూద్దాం.

ఉత్తర సర్కారులను 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి రాసిచ్చాడు. బుస్సీ 1756 చివర ఇటు వచ్చింది శిస్తులు చక్కబెట్టుకోవడానికి. అంటే రైతు పండించిన పంటలో తనకు రావలసిన భాగం కోసం. విజయనగరం ప్రభువు పెద్ద విజయరామరాజు అతనికి అండగా నిలిచాడు. ఆ అండను అడ్డుపెట్టుకుని పక్కనున్న బొబ్బిలి మీద పాత పగ తీర్చుకోవాలనుకున్నాడు. ఓర్మ్ చెప్పిన ఆ పాత పగ ఏమిటి? నీళ్లు. విజయనగరం పొలాలకు రావలసిన వాగుల నీటిని బొబ్బిలివారు మళ్లించుకుంటున్నారన్నది ఫిర్యాదు. బొబ్బిలి వదిలేస్తే అంతకన్నా పెద్ద భూములు వేరేచోట ఇస్తానని బుస్సీ రంగారావుకు కబురు పెట్టాడు. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. ఆ తరువాత బొబ్బిలి అడవి దారిన పోతున్న బుస్సీ సిపాయిల మీద దాడి జరిగి ముప్ఫైమంది చనిపోయారు. ఆ దాడి రంగారావు చేయించాడా, అతన్ని ఇరికించడానికి విజయరామరాజు పన్నిన పన్నాగమా అన్నది ఓర్మ్ తేల్చి చెప్పలేదు. రెండూ సంభవమే అని వదిలేశాడు. మన కథలకు ఆ సందేహం లేదు. కుట్ర అంతా ఒకవైపు, నీతి అంతా ఒకవైపు.

ఇందులో దేశం ఎక్కడుంది? తెల్లవాడు పరాయివాడు కనుక వాడితో పోరాడాలన్న భావం ఆనాడు బొబ్బిలికీ లేదు, విజయనగరానికీ లేదు. ఇద్దరికీ కావలసింది గడ్డ, గౌరవం, నీళ్లు. బొబ్బిలి సంస్థానం వారి సొంత కథనం ప్రకారమే ఆ ఊరికి ఆ పేరు శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ మీది కృతజ్ఞతతో వచ్చింది. షేర్ అంటే పులి, బెబ్బులి, బొబ్బిలి. నవాబు పేరును ఊరికి పెట్టుకున్న వంశానికి స్వదేశీ, పరదేశీ అనే మన కాలపు కొలత పెట్టడం వారికి కూడా అన్యాయమే.

ఆ తరువాత జరిగిన సంగతులు కథలో ఉండవు. బొబ్బిలి కోట పడిన మూడో రాత్రి విజయరామరాజు హతుడయ్యాడు. అతని వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారితో చెడి, 1758లో విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువారికి అప్పగించాడు. క్లైవు బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డును పంపించాడు. ఆ ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏడాది మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. కంపెనీకి కోస్తాలో కాలు మోపడానికి చోటు దొరికింది. ఇంతవరకు చూస్తే విజయనగరం ద్రోహి అన్న మాట నిజమే అనిపిస్తుంది.

కాని 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఏం జరిగింది? బకాయి పేష్కషు కోసం కంపెనీ గొంతు మీద కూర్చుంటే, చిన విజయరామరాజు రాజ్యం వదిలి పొమ్మన్న ఆజ్ఞను ధిక్కరించి, తన మనుషులతో సహా కంపెనీ తుపాకులకు ఎదురు నిలిచి చనిపోయాడు. ఆ తరువాత విజయనగరం సంస్థానాన్ని కంపెనీ ముక్కలు చేసింది. ఆ ఏడే, బొబ్బిలి కోటలో చావు తప్పించుకున్న పసివాడు, అప్పటికి పెద్దవాడైన చిన రంగారావుకు, కంపెనీ అతని తండ్రి గడ్డను తిరిగి ఇచ్చింది. ఆపైన కొద్ది ఏళ్లకే శాశ్వత శిస్తు ఒప్పందంతో అతని వంశం జమీందారీగా కుదురుకుంది. చూశారా! ద్రోహి వంశంవాడు తెల్లవాడి చేతిలో చచ్చాడు. వీరుడి వంశంవాడు తెల్లవాడి చేతి మీదుగా గద్దె ఎక్కాడు. నేను ఒకరిని దించి మరొకరిని ఎక్కించడానికి ఇది చెప్పడం లేదు. వంశాన్ని బట్టి వీరత్వం, ద్రోహం పంచిపెట్టే పద్ధతి ఎంత బోలుదో చెప్పడానికి చెబుతున్నాను.

భోగాపురానికి పద్మనాభం ఎంతో దూరం లేదు. మా పిల్లలకు పద్మనాభం కొండ తెలుసు, కార్తీకంలో మెట్టు మెట్టుకూ వెలిగే దీపాలు తెలుసు. ఆ కొండ నీడలో యుద్ధం జరిగిందని మాత్రం తెలియదు. వాళ్లకు తెలిసిన యుద్ధం అంతకన్నా దూరాన ఉన్న బొబ్బిలిది. దగ్గరి చరిత్ర తెలియక దూరపుది తెలియడానికి కారణం ఒక్కటే. పద్మనాభం మీద సినిమా రాలేదు.

ఇక రెండో నమ్మకం.

విజయరామరాజు వధను ఓర్మ్ ఇట్లా చెబుతాడు. కోటలో రంగారావు పడిపోవడం కళ్లారా చూసిన అతని సైనికులు నలుగురు జనసంచారం లేని మూల దాక్కున్నారు. చీకటి పడ్డాక గోడ దిగి బయటపడ్డారు. పగ తీర్చుకుంటామని ప్రమాణం చేసుకున్నారు. మూడో రాత్రి ఇద్దరు గుడారంలోకి చొరబడి రాజును పొడిచారు. ఒంటి మీద ముప్ఫై రెండు గాయాలు. వీళ్లిద్దరూ విఫలమైతే మిగిలిన ఇద్దరూ ఆ పని పూర్తి చేయాలన్నది ఒప్పందం. ఆ నలుగురికీ ఓర్మ్ పుస్తకంలో పేర్లు లేవు.

తెలుగు కథలో ఆ పని తాండ్ర పాపారాయుడిది. రాజాంలో ఉండి, కబురు అందక, ఆలస్యంగా వచ్చి, కాలిపోయిన కోట చూసి, పులిలా గుడారంలోకి దూకిన సేనాని. పాపారాయుడు లేడని నేను అనడం లేదు. ఆ పని ఆయన చేసి ఉండడనీ అనడం లేదు. ఓర్మ్ స్వయంగా చూసి రాసినవాడు కాదు. పరాయి భాషలో, పరాయివాళ్లు చెప్పింది విని రాసినవాడు. ఫ్రెంచివారి మీద గెలిచిన కంపెనీ ఉద్యోగి. ఒక తెలుగు పేరు అతనికి అందకపోవడంలో వింత లేదు. నేను గమనించమనేది వేరొకటి. ఒక కథనంలో నలుగురు మామూలు సైనికుల ఉమ్మడి నిర్ణయం, ఉమ్మడి ప్రమాణం, ఉమ్మడి సాహసం ఉన్నాయి. మరొక కథనం జనం నోట నలిగి నలిగి చివరకు మిగిలేసరికి ఒక్క దొర మిగిలాడు. వీరత్వం కిందినుంచి పైకి పాకింది. పేరులేని వాళ్ల పని పేరున్న వాడి ఖాతాలో జమ అయింది.

భూస్వామ్య సాహిత్యం చేసే ప్రధానమైన పని ఇదే. పొలంలో పంట ఎట్లా పైకి పోతుందో, కథలో కీర్తి కూడా అట్లాగే పైకి పోతుంది. బొబ్బిలి కోటగోడ మీద చచ్చినవాళ్లలో ఎంతమంది రైతుబిడ్డలు, ఎంతమంది జీతగాళ్లు? విజయనగరం సైన్యంలో బొబ్బిలివాళ్ల మీద కత్తి దూసినవాళ్లు మాత్రం ఎవరు? రెండు వైపులా చచ్చింది ఒకే ఊరివాళ్లు, ఒకే వాగు నీళ్లు తాగినవాళ్లు. ఆ వాగు నీటి కోసమే యుద్ధం మొదలైతే, యుద్ధం తరువాత ఆ నీళ్లు ఎవరి మడికి పారాయో ఏ కవీ చెప్పలేదు.

మూడో నమ్మకం అన్నిటికంటే కఠినమైనది. దాన్ని గురించి మెత్తగా మాట్లాడటం నా వల్ల కాదు.

కోట పడిపోతుందని తేలినప్పుడు లోపలి ఇళ్లకు నిప్పు పెట్టి, స్త్రీలను, పిల్లలను తమవాళ్లే చంపారు. ఓర్మ్ కథనం ఇది. రంగారావు ఆజ్ఞ మీద జరిగిన పని ఇది. నాటకాల్లో, తెరమీద దీనికి ఆత్మాహుతి అని, మాన సంరక్షణ అని పేర్లు పడ్డాయి. రాణి మల్లమ్మ చుట్టూ దీపం వెలిగించారు. ఆ దీపం వెలుగులో మిగిలిన స్త్రీలెవరూ కనబడరు. ఆహుతి అన్న మాటలో తనంతట తాను వెళ్లడం ఉంది. కత్తి పట్టుకున్న మగవాడి ముందు నిలబడ్డ తల్లికీ, ఆమె చంకలోని బిడ్డకూ తనంతట తాను అనేది ఉంటుందా?

తొమ్మిదో తరగతిలో ఈ కథ చెబుతున్నప్పుడు ఒక ఆడపిల్ల లేచి అడిగింది: “మేస్టారూ, మరి ఆడోళ్లని చంపీసింది పరాసులోళ్లు కాదేటండి?” కాదమ్మా అన్నాను. “మరి మనోళ్లే చంపీసి, మనోళ్లే ఏడిసినారేటండి?” ఇన్నేళ్లలో బొబ్బిలి మీద నేను విన్న విమర్శలో దీన్ని మించింది లేదు. పండితులు రాసిన నాటకాల్లో ఏ పాత్రా ఈ ప్రశ్న అడగదు. అడిగితే నాటకం నడవదు.

స్త్రీని వంశ గౌరవానికి గిన్నెగా చూసే దృష్టి ఇది. గిన్నె పరాయివాడి చేతిలో పడేలోగా పగలగొట్టేయాలి. ఆనాటి రాచకుటుంబాల్లో అది నీతి కావచ్చు. ఆనాటి నీతిని ఆనాటి నీతిగా చెప్పడం చరిత్ర. దాన్ని ఈనాటి ఆడపిల్లకు ఆదర్శంగా చూపించడం చరిత్ర కాదు. అది కత్తిని మళ్లీ నూరడమే. పరువు పేరుతో సొంత కూతుళ్లను చంపుకునే వార్తలు ఇంకా మన పత్రికల్లో వస్తున్న కాలంలో, ఈ కీర్తనను అందమైన పాతకథ అని వదిలేయడానికి వీల్లేదు.

ఇక ఈ కథ ఏ వేళల్లో బలం పుంజుకుందో చూడాలి. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టం చేసింది. జమీందారులు పోయారు. పదహారేళ్ల తరువాత, 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చింది. ఎన్.టి. రామారావు రంగారావు, ఎస్.వి. రంగారావు పాపారాయుడు, భానుమతి మల్లమ్మ. నటన విషయంలో వంక పెట్టలేం. కాని చట్టం పొలంలోంచి పంపించిన జమీందారు తెర మీదికి దేవుడిలా తిరిగి వచ్చాడు. శిస్తు అడగడు, వెట్టి చేయించడు. త్యాగం మాత్రమే చేస్తాడు. 1982లో ‘బొబ్బిలి పులి’ వచ్చేనాటికి కథతో కూడా పని లేకపోయింది, పేరు చాలింది. 1986లో కృష్ణంరాజుతో ‘తాండ్ర పాపారాయుడు’ వచ్చింది. నిజమైన జమీందారు ఎంత దూరమైతే తెర జమీందారు అంత అందంగా కనిపించాడు.

ఇక్కడ మన శిబిరాన్ని కూడా మనం ప్రశ్నించుకోవాలి. ప్రజానాట్యమండలి బుర్రకథను ప్రజల చేతి ఆయుధంగా మార్చింది. షేక్ నాజర్ అంతటి కళాకారుడు బొబ్బిలి యుద్ధం చెప్పి వేల జనాన్ని కదిలించాడు. ఆ కళ ముందు తల వంచుతాను. పరదేశపు పాలకుడి మీద కసి రగిలించాల్సిన కాలంలో ఆ కథను ఆ పనికి వాడుకోవడం అర్థం చేసుకోదగినదే. కాని రూపం ప్రజలదైనంత మాత్రాన వస్తువు ప్రజలది అయిపోదు. జమీందారుల త్యాగం విని కన్నీరు కార్చే రైతు, తన పొలం గట్టు మీద తన తాత పడ్డ వెట్టిని ఏ పాటలో వినాలి? ఆ పాట కట్టాల్సిన బాధ్యత మనది.

అట్లాగని జనం కథలకు బానిసలని అనుకోవడం కూడా తప్పే. బొబ్బిలి రాజా జస్టిస్ పార్టీ తరఫున, మధ్యలో కొద్ది నెలలు మినహా, 1932 నుంచి 1937 వరకు మద్రాసు రాష్ట్రానికి ప్రధాన మంత్రి. 1937 ఎన్నికల్లో వి.వి. గిరి ఆయన మీద ఆ గడ్డ మీదనే నిలబడి గెలిచారు. ఓటుహక్కు కొద్దిమందికే ఉన్న రోజులవి. అయినా ఆ ఓటరు పాపారాయుడి కథ విని పెరిగినవాడే. పాట పాడుకుంటూనే ఓటు మాత్రం తన బతుకు చూసి వేసుకున్నాడు. జనానికి పాట వేరు, శిస్తు వేరు అని తెలుసు. తెలియనిది, తెలిసినా చెప్పనిది, మన పండితులకే.

అసలు ఈ నేల మీద వేరే దారి చూపినవాళ్లు లేకపోలేదు. విజయనగరం సంస్థానం కొలువులో ఉంటూనే గురజాడ 1892లో ఆడిన, 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో కోటలకు, కత్తులకు చోటివ్వలేదు. అగ్రహారపు పిల్లను, వేశ్యను, వితంతువును రంగస్థలం మధ్యకు తెచ్చి నిలబెట్టాడు. చంపబడటమే గౌరవమని చెప్పే కథల నేల మీద, బతకడానికి ఉపాయం వెతుక్కునే ఆడదాన్ని పాత్ర చేశాడు. మధురవాణి మల్లమ్మకు జవాబు అని నేను అనుకుంటాను.

మరొక జవాబు నాటకంలో కాదు, బతుకులోనే ఉంది. శ్రీకాకుళం సీమలో మందస జమీందారీ మీద రైతులు తిరగబడ్డప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. ససుమాన గున్నమ్మ అనే రైతు స్త్రీ మరికొందరు రైతులతో పాటు ప్రాణం వదిలింది. ఆమెను ఏ మగవాడూ పరువు కోసం చంపలేదు. అడవి మీద, భూమి మీద తమకున్న హక్కు కోసం ఆమె తానే ముందుకు నడిచింది. ఆమెను వీర గున్నమ్మ అన్నది జనం. ఏ సంస్థానమూ బిరుదివ్వలేదు. బొబ్బిలి మల్లమ్మ గురించి అడిగితే తెలుగునాట ఏ మూలైనా చెబుతారు. గున్నమ్మ పేరు జిల్లా దాటితే ఎంతమందికి తెలుసు? ఈ తేడాకు కారణం త్యాగంలో లేదు. పోషణలో ఉంది.

కనుక విమర్శకుడిగా నా నిర్ణయం ఇది. బొబ్బిలి కథను పాడవద్దని అనను. పెద్దాడ మల్లేశం కథలో ఆనాటి కోటల, కొలువుల, మాట తీరుల జ్ఞాపకం ఎంతో ఉంది. దాన్ని పారేసుకుంటే మనకే నష్టం. కాని పాడేటప్పుడు ఆ నలుగురు సైనికులనూ లోపలికి రానివ్వాలి. మంటల్లోకి తోయబడ్డ తల్లులకు మాట ఇవ్వాలి. మళ్లిన వాగును చూపించాలి. పద్మనాభాన్ని, మందసను పక్కన పెట్టి చెప్పాలి. అప్పుడది రెండు వంశాల తగాదాగా మిగలదు, ఒక ప్రాంతపు చరిత్ర అవుతుంది. కులానికో వీరుణ్ణి పంచుకుని, కూడలికో విగ్రహం నిలబెట్టి, పక్క కులం వీరుణ్ణి ద్రోహి అనే పోటీ నుంచి పిల్లల్ని కాపాడటానికి నాకు వేరే దారి కనబడదు.

2023 మేలో మా భోగాపురంలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. దానికి అల్లూరి సీతారామరాజు పేరు. మంచి పేరే. అయితే దానికోసం పొలాలు వదులుకున్న రైతులు, ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఏ కథలోకి ఎక్కుతారు? వందేళ్ల తరువాత ఈ నేల గురించి పాట కట్టేవాడు ఎవరి పేరుతో మొదలుపెడతాడో, ఎవరిని పేరులేకుండా వదిలేస్తాడో, అది ఈనాడు మనం ఏం రాసిపెడతామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బొబ్బిలి కథలో పేర్లు పోయిన ఆ నలుగురినీ ఇప్పుడు వెతికి తేలేం. వీళ్ల పేర్లు పోకుండా రాసిపెట్టడం మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది.